గుమ్మం దగ్గర ఆపే చట్టం

(ఆదివారం సభకు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైప్ చేశాం. మాట్లాడినాయన విద్యుత్ పంపిణీ సంస్థలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ మూల ఫ్యాను ఆపెయ్, దాని కింద ఎవరూ లేరు. కరెంటు పొదుపు మీద మాట్లాడమని నన్ను పిలిచి ఖాళీ కుర్చీలకి గాలి విసురుతుంటే నవ్వొస్తోంది.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే, కరెంటు పొదుపుకీ, సోలారు, గాలిమరల లాంటి వాటికీ రాష్ట్రాలు ఏం చట్టాలు చేశాయి, అవి పనిచేస్తున్నాయా అని. నేను లాయర్ని కాదు. ముప్పై ఏళ్ళు కరెంటాఫీసులో చేసినవాణ్ణి. ఆ ముప్పై ఏళ్ళలో నేను అమలు చేయాల్సిన చట్టాలూ రూల్సూ జీవోలూ ఎన్ని వచ్చాయో లెక్కలేదు, సగం చదవకుండానే సంతకం పెట్టి ఫైల్లో పెట్టేశాను. ఒప్పుకుంటున్నాను. రిటైరయ్యాక తీరిగ్గా ఒక్కొక్కటీ చదువుతుంటే ఒక సంగతి తట్టింది. ఇవాళ అదొక్కటే చెప్తాను, కాకపోతే అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్తాను.

ముందు కెపాసిటర్ సంగతి.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటొచ్చింది. రాజశేఖరరెడ్డి గారు ప్రమాణస్వీకారం చేసిన రోజే పెట్టిన తొలి సంతకం, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత దానికి షరతులొచ్చాయి. ఇది చాలామందికి గుర్తులేదు. ఉచితంగా ఇస్తాం, కానీ మోటారుకి కెపాసిటర్ ఉండాలి, ఫుట్‌వాల్వు రాపిడి తక్కువ రకం ఉండాలి, పంపుసెట్టుకి ఐఎస్ఐ మార్కుండాలి, పైపు హెచ్‌డీపీఈ గానీ ఆర్‌పీవీసీ గానీ, అంటే ప్లాస్టిక్ రకం అయ్యుండాలి. ఎంత బాగున్నాయో చూడండి. ఒక ఇంజినీరుగా చెప్తున్నాను, ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా తప్పు పట్టడానికి లేదు.

కుర్రాళ్ళ కోసం కెపాసిటర్ అంటే ఏంటో ఒక్క ముక్క. మోటారు లైన్లోంచి లాగే కరెంటులో కొంత నీళ్ళు తోడే పనికి పోతుంది, కొంత ఊరికే అటూ ఇటూ వెళ్ళొస్తుంటుంది. ఆ ఊరికే తిరిగేదాన్ని మోటారు పక్కనే సర్దేసేది కెపాసిటర్. 5 హెచ్‌పీ మోటారుకి 2 కేవీఏఆర్ ది పెడితే చాలు, చేతిలో పట్టే డబ్బా. అది లేకపోతే ఆ అదనపు కరెంటంతా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రావాలి. లైను చివర ఉన్న రైతుకి వోల్టేజి పడిపోతుంది, మోటారు మూలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి వేడెక్కి ఒక మధ్యాహ్నం కాలిపోతుంది. వరి పొట్ట మీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఏమవుతుందో ముందు వరసలో కూర్చున్న పెద్దలకి నేను చెప్పక్కర్లేదు.

సరే, షరతు వచ్చింది కదా, మేం తిరిగాం. ఊరూరా తిరిగి బిగించాం, బిగించినట్టు రిజిస్టర్లో రాశాం. మా సెక్షన్లో వంద శాతం అయినట్టు రిపోర్టు పంపాను, ఆ రిపోర్టు మీద సంతకం నాదే. మరుసటి ఎండాకాలం అదే లైన్లో నడుచుకుంటూ పోతే, పది మోటార్లు చూస్తే రెండింటికో మూడింటికో ఉన్నాయి కెపాసిటర్లు. మిగతావి ఏమయ్యాయి? మోటారు కాలి రివైండింగుకి పోయినప్పుడు మెకానిక్ విప్పి పక్కన పడేశాడు. "ఇది ఉంటే మోటారు మళ్ళీ కాలుద్ది" అన్నాడట. కొన్నిచోట్ల వైరు పీకేసి డబ్బా మాత్రం అలాగే ఉంచారు, మేమొస్తే చూపించడానికి.

తప్పు రైతుదా? నేనప్పుడు అలాగే తిట్టుకున్నాను. ఇప్పుడు అనుకోను. ఆయనకి బిల్లు లేదు, కాబట్టి కరెంటు ఆదా అయితే ఆయన జేబులోకి వచ్చేది ఏమీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ బతికితే లాభమే, కానీ ఆ లాభం దాని మీదున్న పదిహేను మందికీ పంచుకుపోతుంది, పెట్టే ఖర్చూ మెకానిక్‌తో తగువూ మాత్రం ఈయనొక్కడివి. మరి తప్పు మాదా? ఒక ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, నలుగురైదుగురు లైన్‌మన్లు, వేలల్లో మోటార్లు. ఎవరు ఎన్నిసార్లు తిరుగుతారు? పోనీ కెపాసిటర్ లేదని ఉచిత కరెంటు ఆపి చూడండి. సాయంత్రానికి ఆఫీసు ముందు ధర్నా, రాత్రికి ఎమ్మెల్యే గారి ఫోను.

ఇప్పుడు ఇంకో వైపు చూద్దాం. ఫ్రిజ్ కొనడానికి షాపుకి వెళ్తారు. దాని మీద చుక్కల స్టిక్కరు ఉంటుంది కదా, ఎన్ని స్టార్లని. అదెక్కడిది? 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది, 2002 మార్చి 1న అది అమల్లోకి వచ్చి ఢిల్లీలో కరెంటు పొదుపు ప్రమాణాలు చూసే బీఈఈ అనే సంస్థ పెట్టారు. 2006లో స్టార్ల పథకం మొదలైంది, మొదట ఇష్టమైన కంపెనీలే వేసుకునేవి, 2010 జనవరి నుంచి ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్‌లకీ ఏసీలకీ ట్యూబ్‌లైట్లకీ తప్పనిసరి చేశారు. సీలింగ్ ఫ్యాన్లకి 2023లో చేశారు. మీలో ఎవరి ఇంటికైనా బీఈఈ ఇన్‌స్పెక్టరు వచ్చి మీ ఫ్రిజ్ తలుపు తీసి చూశాడా? రాలేదు, రానక్కర్లేదు. స్టిక్కరు లేని సరుకు షాపు గుమ్మం దాటి లోపలికే రాకూడదు, అంతే.

ఇంకా చిన్న ఉదాహరణ, నాకు బాగా ఇష్టమైంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగున్న ప్రతి రూమ్ ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని రూలు పెట్టారు. మీకు కావాలంటే 18కి తగ్గించుకోండి, ఎవరూ ఆపరు. కానీ మనిషికి బద్ధకం ఉంది చూశారూ, అది దేశభక్తి కన్నా గట్టిది. చాలామంది ఏసీ ఎక్కడ మొదలైతే అక్కడే వదిలేసి పడుకుంటారు. ఫ్యాక్టరీలో ఒక్కసారి సెట్ చేస్తే లక్షల పడగ్గదుల్లో అమలైపోయింది, ఒక్క లైన్‌మన్ కూడా సైకిలెక్కలేదు.

అర్థమైంది కదా నేనెక్కడికి వస్తున్నానో. కెపాసిటర్ రూలు మంచిదే, స్టార్ రూలూ మంచిదే. ఒకటి మనిషి వెనకాల పరుగెత్తింది, ఇంకోటి గుమ్మం దగ్గర నిలబడింది. అప్పట్నుంచీ ఏ చట్టం చదివినా నేను మొదట వెతికేది దాని గుమ్మం ఎక్కడా అని. జనం ఎలాగూ దాటాల్సిన చోటు ఒకటుంటుంది, షాపు కావచ్చు, ప్లాన్ పర్మిషన్ కావచ్చు, మీటరు కనెక్షన్ కావచ్చు. చట్టం అక్కడ నిలబడిందా, లేక దాటిపోయాక టార్చిలైటు పట్టుకుని వెతుకుతుందా?

మరి ఇందులో రాష్ట్రం ఏం చేయగలదు? ఇది తెలుసుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళు ప్రతిదానికీ "అది సెంట్రల్ చూసుకోవాలి" అనేస్తారు. కరెంటు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, 38వ నంబరు. అంటే ఢిల్లీ, రాష్ట్రం ఇద్దరూ చట్టం చేయొచ్చు, రెండూ కొట్టుకుంటే మామూలుగా ఢిల్లీదే చెల్లుతుంది. మన ఉమ్మడి రాష్ట్రం 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం సొంతంగా చేసుకుంది, దాని కిందే 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును కరెంటు తయారుచేసే జెన్‌కో, దాన్ని లైన్ల మీద పంపే ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. కేంద్రం విద్యుత్ చట్టం వచ్చింది ఆ తర్వాత, 2003లో. అంటే రాష్ట్రం ముందు నడిచిన సందర్భాలు ఉన్నాయి. ఇక స్థానిక సంస్థలు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి, అంటే మునిసిపాలిటీ, అంటే ఇల్లు కట్టుకోవడానికి ప్లాన్ అప్రూవల్. కరెంటు వాడకం మీద సుంకం కూడా రాష్ట్రానిదే. గుమ్మాలన్నీ రాష్ట్రం ఇంట్లోనే ఉన్నాయండీ. ఢిల్లీ దగ్గర ఉన్నది ఫ్యాక్టరీ గుమ్మం ఒక్కటే.

బిల్డింగుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మనం చెప్పుకోదగ్గ పని చేసింది అక్కడే. 2007లో బీఈఈ పెద్ద వ్యాపార భవనాల కోసం ఒక కోడ్ తెచ్చింది, ఈసీబీసీ అంటారు. గోడ ఎంత వేడిని లోపలికి పంపొచ్చు, కిటికీ అద్దం ఎలాంటిది ఉండాలి, పైకప్పు, లైట్లు, ఏసీ ప్లాంటు, అన్నీ ఉంటాయి అందులో. కానీ 2001 చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ కోడ్‌ని స్థానిక వాతావరణానికి తగ్గట్టు మార్చుకుని నోటిఫై చేయాల్సింది రాష్ట్రం. రాష్ట్రం చేయకపోతే ఆ కోడ్ పుస్తకమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో చేసింది, విభజనకి నాలుగైదు నెలల ముందు. ఆ గొడవల్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఆ పని జరిగింది, తర్వాత రెండు రాష్ట్రాలూ కొనసాగించాయి.

ఎందుకంత ముఖ్యమంటారా? ఫ్రిజ్ పది పన్నెండేళ్ళకి మారుస్తాం. బిల్డింగు యాభై ఏళ్ళుంటుంది. పడమటి ఎండకి ఎదురుగా నాలుగంతస్తుల అద్దం గోడ పెట్టి, లోపల ఏసీలతో దాన్ని చల్లబరిచే బిల్డింగులు చూస్తున్నాం కదా, అది దుబాయిలో చూసొచ్చి కట్టుకున్న కొరివి. ఒకసారి కట్టాక ఏ చట్టమూ దాన్ని బాగుచేయలేదు. అక్కడ గుమ్మం ఒక్కటే, ప్లాన్ పాసయ్యే రోజు. ఆ రోజు తప్పితే యాభై ఏళ్ళ బిల్లు.

తెలంగాణ 2023 ఏప్రిల్లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. డాబా మీద ఎండని తిప్పికొట్టే తెల్ల పూతో టైల్సో వేయాలి, ప్రభుత్వ భవనాలకీ వ్యాపార భవనాలకీ తప్పనిసరి, ఇళ్ళల్లో 600 గజాలూ ఆ పైన ప్లాటుంటే తప్పనిసరి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కూల్ రూఫులు కావాలని లక్ష్యం. ఆ లక్ష్యం అందుతుందా లేదా అన్నది పక్కన పెట్టండి, నాకు నచ్చింది దాన్ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో, అంటే కట్టడం అయ్యాక లోపల దిగొచ్చని ఇచ్చే ఓసీతో ముడిపెట్టడం. ఓసీ లేకపోతే ఏమవుతుందో బిల్డర్‌కి బాగా తెలుసు. కాకపోతే 600 గజాల లోపు ఇళ్ళున్నవాళ్ళే మనలో ఎక్కువ, రేకుల షెడ్డులో ఉన్నవాడికి ఓసీ అంటే ఏంటో కూడా తెలీదు, వేడి మాత్రం ఎక్కువ తగిలేది వాడికే. వాడికి గుమ్మం కాదు, పెయింటు డబ్బా కావాలి.

బెంగళూరులో 2007లో ఇంకో పని చేశారు. కొత్తగా ఇల్లు కట్టుకుని కరెంటు కనెక్షన్ కావాలంటే సోలార్ వాటర్ హీటర్ ఉండాలన్నారు. దానికి తోడు హీటరున్న ఇంటికి బిల్లులో యూనిట్‌కి 50 పైసల తగ్గింపు, కొంత పరిమితి వరకు. కర్ర ఒక చేత్తో, బెల్లం ఒక చేత్తో. బెంగళూరు వెళ్ళినప్పుడు మేడల మీద చూడండి, గొట్టాలు కనపడతాయి.

ఇక్కడ మాస్టారు ఎవరో చెయ్యెత్తుతున్నారు. చెప్పండి... ఆఁ. ఎల్‌ఈడీ బల్బులకి ఏ చట్టం ఉందీ అంటున్నారు. బాగా పట్టుకున్నారు. పాత బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టుకోమని ఏ చట్టమూ చెప్పలేదు. అక్కడ ప్రభుత్వం చట్టంతో కాదు, బేరంతో పని జరిపించింది. కోట్ల బల్బులు ఒక్కసారే కొంటాం, ఎంతకిస్తారని టెండరు పిలిచింది. 2014లో 310 రూపాయలకి కొన్న బల్బు 2016కి 38 రూపాయలకొచ్చింది. ఉజాలా అనే ఆ పథకం కింద 36 కోట్లకి పైగా బల్బులు పంచారు. 60 వాట్ల బల్బు పోయి 9 వాట్లది వచ్చింది, ఎవర్నీ బలవంతపెట్టలేదు. కాబట్టి నా గుమ్మం లెక్క అన్నిటికీ సరిపోదు, ఒప్పుకుంటాను. బల్బు చవగ్గా దొరికితే చట్టం అక్కర్లేదు. మరి ఫ్యాన్ల దగ్గర అలా ఎందుకు కాలేదు? మామూలు ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర్లో. మన దేశంలో బల్బు కన్నా ఎక్కువసేపు తిరిగేది ఫ్యానే. కానీ ధర రెట్టింపు ఉంది, అద్దె ఇంట్లో ఫ్యాను కొనేది ఓనరు, బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. ఓనరు ఎందుకు కొంటాడండీ ఖరీదైన ఫ్యాను? ఇలాంటి చోటే చట్టం కావాలి. కొనేవాడొకడు, కట్టేవాడొకడు అయినచోట ధరలు ఎంత తగ్గినా ఆలస్యమే.

ఇప్పుడు గుమ్మం తిరగబడే సంగతి చెప్పాలి. మేడ మీద సోలారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారులం మేమే. నెట్ మీటరు అంటే మీ ప్యానెళ్ళు మిగిల్చిన కరెంటు గ్రిడ్డుకి వెళ్ళి లెక్కలో తీసివేత అయ్యేది. దానికి అప్లికేషన్ పెట్టుకుంటే సాంకేతిక పరిశీలన చేయాలి అనేవాళ్ళం. 3 కిలోవాట్ల ఇంటికి ఏం పరిశీలనండీ? అంతకన్నా పెద్ద ఏసీ లోడు మీ వీధిలో రోజూ పడుతోంది. కానీ ఫైలు ఆగేది. ఎందుకో చెప్తాను, లంచం అని తొందరపడి అనుకోవద్దు, అదీ ఉండొచ్చు, కానీ అసలు కారణం వేరే. సోలారు పెట్టుకునేది ఎవరు? నెలకి 500 యూనిట్లు కాల్చి పై స్లాబు రేటు కట్టే ఇల్లు. ఆ ఇంటి డబ్బుతోనే పేదింటికి తక్కువ రేటు సర్దుతున్నాం. ఆ ఇల్లు మా చేతిలోంచి జారిపోతే మా లెక్క తలకిందులు. గుమ్మం కాపలా ఎవరికిచ్చారో చూడండి, లోపలికొస్తే నష్టపోయేవాడికి.

దీన్ని 2024 ఫిబ్రవరిలో కేంద్రం రూల్సులో మార్చింది. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, అప్లికేషన్ పెడితే ఆమోదించినట్టే లెక్క. అదే నెలలో పీఎం సూర్యఘర్ మొదలైంది, 3 కిలోవాట్లకి 78 వేల రూపాయల సబ్సిడీ. జనం 78 వేల గురించే మాట్లాడుకుంటారు. నన్నడిగితే ఆ "ఆమోదించినట్టే" అన్న ఒక్క మాట సబ్సిడీ కన్నా విలువైంది. ఇక్కడ చట్టం చేయాల్సింది గుమ్మం తీసేయడం.

సరే, ఇంతసేపూ జనం మీద, రైతు మీద, బిల్డరు మీద, మా ఆఫీసు మీద చెప్పాను. ఇప్పుడు పెద్దమనిషి దగ్గరికొద్దాం. ప్రభుత్వం.

2003 విద్యుత్ చట్టంలో 86వ సెక్షన్, దాంట్లో (1)(ఇ) అని ఒక చిన్న పేరా. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ, పునరుత్పాదక ఇంధనాన్ని, అంటే ఎండ, గాలి లాంటి తరగని వాటిని ప్రోత్సహించాలి, పంపిణీ సంస్థలు తాము అమ్మే దానిలో ఇంత శాతం దాన్నుంచే కొనాలని నిర్ణయించాలి. దేశంలో ఇవాళ మీరు చూస్తున్న గాలిమరలు, సోలారు పార్కుల వెనక ఈ పేరా ఉంది. దీన్నే ఆర్‌పీఓ అంటారు. సొంతంగా కరెంటు తయారుచేసుకునే ఫ్యాక్టరీలు మాకెందుకిది అని కోర్టుకెళ్ళాయి. 2015లో సుప్రీంకోర్టు, హిందుస్థాన్ జింక్ కేసులో, మీకూ వర్తిస్తుంది, శుభ్రమైన గాలి పీల్చడం బతికే హక్కులో భాగం, వెళ్ళి కొనండి అంది. కేంద్రం ఇప్పుడు 2024-25కి 29.91 శాతం అని మొదలుపెట్టి 2029-30కి 43.33 శాతం చేరాలని అంచెలు రాసింది.

అంకెలు బ్రహ్మాండం. కొనకపోతే ఏమవుతుంది? ఫ్యాక్టరీ అయితే నోటీసిస్తారు. మరి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన పంపిణీ సంస్థే కొనకపోతే? చాలా రాష్ట్రాల్లో జరిగింది ఏంటంటే, ఈ ఏడాది బాకీని వచ్చే ఏడాదికి జరిపారు, వచ్చే ఏడాది బాకీని ఆ పై ఏడాదికి జరిపారు. జరిమానా వేస్తే కట్టేది ఎవరు? పంపిణీ సంస్థ. దాని డబ్బెక్కడిది? మన బిల్లు. అంటే ప్రభుత్వం తప్పు చేస్తే జరిమానా మనం కట్టాలి. అందుకే మండలి కూడా చెయ్యెత్తదు. ఇక్కడ గుమ్మమే లేదండీ. కంచెకీ చేనుకీ ఒకడే యజమాని.

2019 సంగతి చెప్పకుండా ఈ టాపిక్ మాట్లాడలేం, రాజకీయం అనుకోకుండా వినండి. ఆంధ్రప్రదేశ్‌లో గాలి కరెంటుకి యూనిట్ 4 రూపాయల 80 పైసల పైన పాతికేళ్ళకి ఒప్పందాలున్నాయి. కొత్త ప్రభుత్వం రాగానే జూలై 1న ఒక కమిటీ వేసి, ఈ రేట్లు ఎక్కువ, మళ్ళీ మాట్లాడుకుందాం అంది. వాళ్ళ వాదనలో విషయం లేకపోలేదు. 2017లోనే రాజస్థాన్ భద్లాలో సోలారు 2.44కి పడిపోయింది, పంపిణీ సంస్థలు అప్పుల్లో ఉన్నాయి. కేసు తేలేవరకూ విండుకి 2.43, సోలారుకి 2.44 చొప్పున చెల్లించమని మొదట హైకోర్టులో వచ్చింది. 2022 మార్చిలో డివిజన్ బెంచి అది కొట్టేసి, రాసుకున్న ఒప్పందం రేటే కట్టండి, బకాయిలతో సహా అంది. మధ్యలో రెండున్నరేళ్ళు పోయాయి. ఆ రెండున్నరేళ్ళలో బ్యాంకువాళ్ళు మన రాష్ట్రం పేరు వింటే ఎలా చూశారో ఆ రంగంలో ఉన్నవాళ్ళని అడగండి. రేటు ఎక్కువా తక్కువా అన్న తగువులో నేను దిగను. కానీ ఒక మాట, రేటు ఖరారు చేసేటప్పుడే గుమ్మం ఉంది, ఈఆర్‌సీ విచారణ. అక్కడ ఆపాల్సినవాళ్ళు ఆపకుండా, గాలిమర కట్టి తిరుగుతున్నాక వెనకాల పరుగెత్తితే కెపాసిటర్ కథే.

ఇది మన ఒక్కళ్ళ రోగం కాదు. విచిత్రంగా అదే 2019 జూలైలో అమెరికాలో ఒహాయో రాష్ట్రం కూడా ఒక చట్టం చేసింది. 2008 నుంచి అక్కడ కరెంటు కంపెనీలకి పొదుపు లక్ష్యాలు, పునరుత్పాదక లక్ష్యాలు ఉన్నాయి. కొత్త చట్టం 12.5 శాతం లక్ష్యాన్ని 8.5కి దించింది, పొదుపు లక్ష్యాలు ఎత్తేసింది, రెండు అణు కేంద్రాలకి జనం బిల్లుల్లోంచి సబ్సిడీ పెట్టింది. ఏడాది తిరక్కుండా తేలిందేంటంటే, దాని వెనక దాదాపు 6 కోట్ల డాలర్ల లంచం. ఆ సభ స్పీకరుకి 2023లో ఇరవై ఏళ్ళ జైలు పడింది. మన కేసులో లంచమని నేనట్లేదు, దయచేసి రేపు అలా రాయకండి. నేను చెప్పేది దాని తర్వాతది. అణు సబ్సిడీని 2021లో రద్దు చేశారు, పొదుపు లక్ష్యాలు మాత్రం తిరిగి రాలేదు. ఎత్తేయడానికి ఒక్క చట్టం చాలింది, దొంగతనం బయటపడ్డా వెనక్కి పెట్టడానికి ఎవరికీ తీరిక లేదు.

అదే అమెరికాలో టెక్సాస్ చూడండి. చమురు రాష్ట్రం, 1999లో అప్పటి గవర్నరు జార్జ్ బుష్ సంతకం పెట్టిన చట్టంలో 2009 కల్లా 2,000 మెగావాట్లు కొత్త పునరుత్పాదక ఇంధనం రావాలన్నారు. అది గడువుకి ముందే వచ్చేసింది. కానీ నేను మెచ్చుకునేది 2005లో వాళ్ళు చేసిన రెండో చట్టం. గాలి పడమటి ఎడారిలో ఉంది, జనం తూర్పు నగరాల్లో ఉన్నారు. గాలిమరలు రాకముందే లైన్లు వేద్దాం అన్నారు. మూడు వేల ఆరువందల మైళ్ళ లైన్లు, 700 కోట్ల డాలర్ల దాకా ఖర్చు, ఆ డబ్బు వినియోగదారులందరి మీదా పడింది. తిట్టారు. ఇవాళ ఆ దేశంలో గాలి కరెంటులో మొదటి స్థానం టెక్సాస్‌ది, పర్యావరణం అన్న మాట పెద్దగా ఎత్తకుండానే.

టైమయిపోయిందని చీటీ పంపారు. ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను, ప్రభుత్వానికి గుమ్మం లేదన్నాను కదా, పూర్తిగా లేదనలేను. ఒక చిన్న కిటికీ ఉంది. ప్రతి ఏడాదీ నవంబర్ 30లోగా పంపిణీ సంస్థలు వచ్చే ఏడాది ఖర్చెంత, ఆదాయమెంత అని ఈఆర్‌సీ ముందు పెట్టాలి. ఆ కాగితాలు వెబ్‌సైటులో పెడతారు, పేపర్లో ప్రకటనిస్తారు, అభ్యంతరాలు ఎవరైనా రాయొచ్చు. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు. తర్వాత బహిరంగ విచారణ ఉంటుంది, పేరు పిలిస్తే లేచి మాట్లాడొచ్చు, ఛైర్మను వినాలి. ఆ కాగితాల్లో పునరుత్పాదకం ఎంత కొన్నారో ఒక పట్టిక ఉంటుంది, లైన్ల నష్టం ఎంతో ఉంటుంది, వ్యవసాయ మోటార్లు ఎంత కాల్చాయో ఉంటుంది. ఆ మూడోది అంచనా, మీటర్లు లేవు కదా. నేనూ ఒకప్పుడు ఆ అంచనాలు రాసినవాణ్ణే, ఎలా రాస్తారో నాకు తెలుసు.

పోయినసారి నేను వెళ్ళి అడిగింది ఒక్కటే ప్రశ్న. బిగించినట్టు రాసిన కెపాసిటర్లలో ఇప్పుడెన్ని పనిచేస్తున్నాయి అని. రాతపూర్వకంగా జవాబొచ్చింది, రెండు లైన్లు, "తగు చర్యలు తీసుకొనబడుచున్నవి" అని. ఆ వాక్యం నాకు బాగా పరిచయం, సర్వీసులో నేనే వందసార్లు రాసుంటాను. ఈ ఏడాది మళ్ళీ అదే ప్రశ్న అడుగుతున్నాను, ఈసారి మూడు ఊళ్ళ లైన్లు స్వయంగా నడిచి లెక్కపెట్టుకుని వెళ్తున్నాను. డిసెంబర్ మొదటి వారంలో బయల్దేరతాం. నడవగలిగినవాళ్ళు ఇక్కడ చిట్టిబాబు దగ్గర పేరు రాయించుకోండి, చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి, చేల గట్ల మీద పాములుంటాయి.